సుయికాలో మిగిలిన చిల్లర: ముందు సున్నా చేసి, తర్వాతే వాపసు ఇవ్వండి

టోక్యోలో ఉద్యోగం ముగించుకుని బయల్దేరేవాళ్లు చాలామంది చివరి రోజు చేసే పని ఇదే: రైళ్లలో, దుకాణాల్లో వాడే ప్రీపెయిడ్ కార్డు సుయికాను, అందులో 150 యెన్లు ఉండగానే స్టేషన్ కౌంటర్‌లో ఇచ్చేస్తారు. కార్డు కొన్నప్పుడు కట్టిన 500 యెన్ల డిపాజిట్ చేతికొస్తుంది, ఆ 150 మాత్రం పోతుంది. వాపసు రుసుము 220 యెన్లు. దాన్ని బ్యాలెన్సులోంచే కోస్తారు, డిపాజిట్ జోలికి రారు. బ్యాలెన్సు 220 కంటే తక్కువుంటే ఉన్నదంతా రుసుము కిందే జమ. 1,000 యెన్లుంటే 780కి 500 కలిపి 1,280 ఇస్తారు. సున్నా ఉంటే రుసుమే లేదు, 500 పూర్తిగా వస్తుంది. కాబట్టి ముందు ఖాళీ చేయాలి.

అసలు కార్డులో 137, 43 లాంటి చిల్లర అంకెలు ఎందుకు మిగులుతాయంటే, 2014 ఏప్రిల్‌లో వినియోగ పన్ను 5 నుంచి 8 శాతానికి పెరిగినప్పుడు టోక్యో ప్రాంతంలో కార్డు ఛార్జీలను ఒక్క యెన్ లెక్కన పెట్టారు. కాగితం టికెట్లు మాత్రం పదుల్లోనే ఉండిపోయాయి. అందుకే రైలెక్కి కార్డును సరిగ్గా సున్నాకు దింపడం దాదాపు అసాధ్యం.

ఆ పని కొంబినీలో, అంటే అక్కడి కన్వీనియన్స్ స్టోర్‌లో, సులువుగా అయిపోతుంది. కార్డులో 137 ఉందనుకోండి, 178 యెన్ల ఒనిగిరి (అన్నం ముద్ద) తీసుకోండి. మనిషి ఉన్న కౌంటర్‌కే వెళ్లి, కార్డు ఆనించకముందే చెప్పండి: “సుయికా దె జెంబు, నొకోరి వా గెంకిన్ దె.” ఉన్నదంతా సుయికాలో, మిగతాది నగదు అని అర్థం. 137 కార్డులోంచి పోతుంది, 41 చిల్లర ఇస్తే సరి. రసీదు మీద మిగిలిన బ్యాలెన్సు 0 అని ఉందో లేదో చూసుకోండి. కూల్‌డ్రింక్ మెషిన్ల దగ్గర ఈ పప్పులుడకవు. పూర్తి ధర కార్డులో ఉండాల్సిందే.

ఇక వాపసు ఎక్కడ? సుయికాను జారీ చేసే రైల్వే సంస్థ జేఆర్ ఈస్ట్ స్టేషన్ టికెట్ కౌంటర్లలో. మనవాళ్లు బోలెడుమంది ఉండే నిషికసాయి టోక్యో మెట్రో స్టేషన్, అక్కడ సుయికా వాపసు తీసుకోరు. అదే తోజాయి లైన్‌లో నిషి-ఫునబాషి దాకా వెళ్తే జేఆర్ ఉంది. ఒసాకాలో సుయికాతో రైలెక్కొచ్చు కానీ అక్కడి జేఆర్ వెస్ట్ దాన్ని వెనక్కి తీసుకోదు, కాబట్టి ఒసాకా దగ్గరి కాన్సాయ్ విమానాశ్రయం నుంచి ఎగిరేవాళ్లు టోక్యోలోనే తేల్చుకోవాలి. కార్డు మీద పేరుంటే పాస్‌పోర్టో, నివాస కార్డో వెంట ఉంచుకోండి.

ఐఫోన్ 8 గానీ ఆ తర్వాతిది గానీ ఉంటే ఇంతకంటే మంచి దారి ఉంది. వాలెట్ యాప్‌లో ప్లస్ నొక్కి, ట్రాన్సిట్ కార్డుల్లో సుయికా ఎంచుకుని, పాత కార్డును బదిలీ చేసే ఆప్షన్‌కి వెళ్లండి. కార్డు వెనకున్న నంబరు చివరి నాలుగు అంకెలు, పేరున్న కార్డయితే పుట్టినతేదీ కూడా కొట్టి, ఫోన్‌ను కార్డు మీద పెట్టి కదపకుండా ఉంచాలి. బ్యాలెన్సుతో పాటు ఆ 500 డిపాజిట్ కూడా ఫోన్‌లోకి వచ్చేస్తుంది, 220 కోత ఉండదు. ప్లాస్టిక్ కార్డు మాత్రం ఆ క్షణం నుంచి పనికిరాదు, మళ్లీ వెనక్కి మార్చుకోలేరు.

పర్యాటకుల వెల్కమ్ సుయికాకు డిపాజిట్ లేదు, వాపసూ లేదు, 28 రోజులే గడువు. దానికి కొంబినీయే గతి. మళ్లీ జపాన్ వచ్చే ఉద్దేశం ఉంటే మామూలు సుయికాను ఇవ్వకండి. ఆఖరిసారి వాడిన రోజు నుంచి పదేళ్లు పనిచేస్తుంది.