కొత్త రైజెన్ కోసం ఎదురుచూపు: జూన్ నుంచి సెప్టెంబర్ దాకా

2024 జూన్ 3, సోమవారం

ఇంట్లో అందరూ రేపటి ఓట్ల లెక్కింపు గురించి మాట్లాడుకుంటుంటే నేను పొద్దున్నే తైపీలో జరిగే కంప్యూటర్ల ప్రదర్శన, కంప్యూటెక్స్ ప్రారంభ ప్రసంగం చూస్తూ కూర్చున్నాను. రైజెన్ ప్రాసెసర్ల కంపెనీ ఏఎండీ అధిపతి లీసా సు జెన్ 5 అనే కొత్త తరం రైజెన్‌లు ప్రకటించారు. డెస్క్‌టాప్‌కు నాలుగు: ఆరు కోర్ల 9600ఎక్స్, ఎనిమిది కోర్ల 9700ఎక్స్, పన్నెండు కోర్ల 9900ఎక్స్, పదహారు కోర్ల 9950ఎక్స్. జులైలో వస్తాయట. ఒకే వేగం దగ్గర పోలిస్తే ముందు తరం జెన్ 4 కంటే సగటున 16 శాతం ఎక్కువ పని చేస్తాయన్నారు. అంతకంటే నాకు సంతోషం కలిగించిన మాట ఇంకోటుంది. ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌ను 2027 వరకు, ఆ తర్వాత కూడా కొనసాగిస్తారట. అంటే ఇప్పుడు కొన్న మదర్‌బోర్డులోనే ఇంకొన్నేళ్ల తర్వాత మరో కొత్త చిప్ పెట్టుకోవచ్చు.

నా దగ్గరున్నది 2017లో కొన్న రైజెన్ 5 1600. ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. కానీ ఇప్పుడు నేను పెట్టుకున్న పని దాని శక్తికి మించిపోయింది. మా ఇంట్లో పదకొండు వీహెచ్‌ఎస్ క్యాసెట్లున్నాయి. ఎక్కువగా పెళ్ళిళ్ళవే. ఒకటి మాత్రం 1998లో హనుమకొండ వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ రోజు తీయించింది. అందులో అమ్మమ్మ పాట పాడుతుంది. ఆమె గొంతు మాకు మిగిలింది ఆ క్యాసెట్‌లోనే. ఈసారి ఎంగిలిపూల అక్టోబర్ 2న. అప్పటికి టీవీలో చూడాలని అమ్మ అడిగింది.

క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం అయిపోయింది. రెండు గంటలది దాదాపు 60 జీబీ వస్తోంది. అసలు కష్టం ఆ తర్వాతే. పాత వీడియోలో ఒక్కో ఫ్రేమ్ రెండు సగాలుగా రికార్డవుతుంది, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి. ఆ సగాలను విడదీసి నిండు ఫ్రేములుగా తయారుచేస్తే సెకనుకు 25 కాదు, 50 అవుతాయి. రెండు గంటలకు 3,60,000 ఫ్రేములు. నా 1600 సెకనుకు 14 మాత్రమే లాగుతోంది. అంటే ఒక్క క్యాసెట్‌కు ఏడు గంటలు. ఆరో గంటలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. పైగా మచ్చలు తీసే ఫిల్టర్ మోతాదు ఒక్కసారికి కుదరదు. ఎక్కువైతే ముఖాలు మైనపు బొమ్మల్లా అయిపోతాయి. తగ్గించి మళ్ళీ చేయాలి.

జూన్ 9

పాత బోర్డులోనే రైజెన్ 5000 సిరీస్ చిప్ పెడితే సరిపోతుంది కదా అని తమ్ముడు అడిగాడు. సరైన ప్రశ్నే. 2022లో వచ్చిన బయోస్‌తో (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) నా బీ350 బోర్డు కూడా వాటిని తీసుకుంటుంది. ఖర్చూ తక్కువే. కానీ ఆ బోర్డులో రెండు యూఎస్‌బీ పోర్టులు ఇప్పటికే పోయాయి. దాని మీద ఇంకా డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు.

ధర అంచనా వేసుకున్నాను. డాలర్ ధరను రూపాయల్లోకి మార్చి 18 శాతం జీఎస్టీ కలిపితే మన దగ్గర ఎంత పడుతుందో సుమారుగా తెలుస్తుంది. 9700ఎక్స్‌కు రూ. 35,000 పక్కన పెట్టుకున్నాను.

జూన్ 23, ఆదివారం

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్ళి చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో సామాన్లు కొన్నాను. బీ650 బోర్డు, 16 జీబీవి రెండు డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు, 750 వాట్ల పవర్ సప్లై. ర్యామ్ 6000 వేగం. నాలుగు స్లాట్లున్నాయి కదా అని నాలుగు స్టిక్కులు కొనకండి. ఏఎం5లో నాలుగూ పెడితే అధికారికంగా హామీ ఉన్న వేగం 3600కి పడిపోతుంది. ముందు ముందు ఎక్కువ కావాలనుకునేవాళ్లు ఇప్పుడే పెద్ద స్టిక్కులు రెండు తీసుకోవడం మేలు.

బోర్డు ఎంచుకునేటప్పుడు నేను పట్టుబట్టింది ఒక్కదానికే, బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. కొత్త చిప్ రాకముందు తయారైన బోర్డు పాత బయోస్‌తో దాన్ని గుర్తుపట్టదు. ఈ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో కొత్త బయోస్ ఎక్కించుకోవచ్చు.

జూలై 14

కొన్న సామాను చిప్ వచ్చేదాకా డబ్బాల్లో పెట్టి ఉంచితే షాపువాళ్లు మార్చి ఇచ్చే గడువు దాటిపోతుంది. అందుకే స్నేహితుడి దగ్గర అదే సాకెట్‌లో కూర్చునే రైజెన్ 5 7600 రెండు రోజులకు అడిగి తెచ్చాను. ఏఎం5లో పిన్నులు చిప్‌కు కాదు, సాకెట్‌లో ఉంటాయి, 1,718. వేలు తగిలినా వంగుతాయి. ఊపిరి బిగబట్టి పెట్టాను.

ఆన్ చేస్తే ఏమీ రాలేదు. నల్ల స్క్రీన్. ఐదు నిమిషాలు నిజంగా టెన్షన్ పడ్డాను. ఆరో నిమిషంలో బయోస్ కనిపించింది. డీడీఆర్5 మొదటిసారి తన లెక్కలు తాను సరిచూసుకుంటుంది, దానికి అంత సమయం పడుతుంది. మధ్యలో కంగారుపడి స్విచ్ ఆపేయకండి.

రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపాను. పొద్దున చూస్తే తప్పులు చూపే ఎర్ర గీతలు. ఒక్కో స్టిక్ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి మళ్ళీ పరీక్షిస్తే రెండోది చెడ్డదని తేలింది. షాపతను మొదట ఒప్పుకోలేదు. ఫొటోలు చూపించాక రెండూ మార్చి ఇచ్చాడు. ఆ పరీక్ష చేయకపోయుంటే ఆగస్టులో కొత్త ప్రాసెసర్‌నే అనుమానించేవాణ్ణి.

జూలై 25

జూలై 31న రావాల్సిన కొత్త చిప్పులు వాయిదా పడ్డాయి. మొదటి విడతలో తయారైనవి తాము అనుకున్న నాణ్యతకు పూర్తిగా తగ్గట్టు లేవని, వాటిని మార్చి కొత్తవి పంపుతామని ఏఎండీ ప్రకటించింది. 9600ఎక్స్, 9700ఎక్స్ ఆగస్టు 8న, మిగతా రెండూ 15న. మంచిదే. ఎనిమిది రోజులతో నాకొచ్చే నష్టం లేదు.

ఆగస్టు 8

కొత్త చిప్పుల మీద చేసిన పరీక్షల ఫలితాలు వచ్చాయి. గేములు ఆడేవాళ్లకు నిరాశే. జెన్ 4 తరం 7700ఎక్స్‌తో పోలిస్తే తేడా కొద్దిగానే ఉంది. నా పనికి కావలసింది వేరు. ఒకేసారి చాలా అంకెల మీద పనిచేసే ఏవీఎక్స్-512 ఆదేశాలను జెన్ 4లో రెండు విడతల్లో పూర్తిచేసేవారు, జెన్ 5 డెస్క్‌టాప్ చిప్పుల్లో దారి పూర్తి 512 బిట్ల వెడల్పు. పైగా 9700ఎక్స్ 65 వాట్ల చిప్. ఏసీ లేని గదిలో గంటల తరబడి నడపాలంటే నాకు అదే ముఖ్యం. జెన్ 4 నుంచి మారాలనుకునేవాళ్లను మాత్రం నేను ఆగమనే అంటాను.

ఆగస్టు 24

కొన్నాను. 9700ఎక్స్ పెట్టిన లెక్క కంటే కాస్త తక్కువకే దొరికింది. డబ్బాలో కూలర్ రాదు. నా పాత ఏఎం4 (1600 కూర్చునే సాకెట్) టవర్ కూలర్ బోర్డు వెనకున్న పలకకే బిగుస్తుంది కాబట్టి ఇక్కడా సరిపోయింది. ప్రాసెసర్ మూత అంచులు నొక్కులు నొక్కులుగా ఉంటాయి, వేడిని కూలర్‌కు చేర్చే పేస్ట్ ఎక్కువ పెడితే ఆ సందుల్లోకి దిగుతుంది. మధ్యలో చిన్న బఠాణీ గింజంత చాలు.

అదే క్యాసెట్, అవే సెట్టింగులు. సెకనుకు 37 ఫ్రేములు. ఏడు గంటల పని రెండు గంటల నలభై రెండు నిమిషాల్లో అయింది. పక్కనే కూర్చుని అంకెలు చూస్తూ ఉండిపోయాను.

సెప్టెంబర్ 22

కొత్త బయోస్‌లో 9700ఎక్స్‌ను 105 వాట్ల దగ్గర నడిపే ఎంపిక వచ్చింది. వారంటీ కూడా పోదు. పెట్టి చూస్తే పది నిమిషాలు కలిసొచ్చాయి, గది మాత్రం బాగా వేడెక్కింది. తిరిగి 65కే మార్చాను.

సెప్టెంబర్ 29

బతుకమ్మ క్యాసెట్ ఆరుసార్లు చేశాక కుదిరింది. మచ్చలు తీసే మోతాదు నేను అనుకున్నదాంట్లో సగమే సరిపోయింది. తంగేడు పూల పసుపు నిలిచింది, అమ్మమ్మ ముఖం మీది ముడతలు కూడా నిలిచాయి. పాట కింద కరెంటు గుయ్యిమనే రొద ఉంది, 50 హెర్ట్జ్‌ది. గొంతు పలచబడకుండా దాన్ని తీయాలి. అది ఇవాళ రాత్రి పని. పూర్తయిన ఫైలు రెండు డిస్కుల్లో దాచి, ఇంకోటి తమ్ముడి ఇంటికి పంపాలి. పదకొండింటిలో ఇంకా ఏడు క్యాసెట్లు మిగిలాయి.