కౌంటు బాగానే ఉంది

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర

తెల్లవారుజామున నాలుగున్నరకు ముక్కులో వెచ్చగా తగిలింది. లైటు వేయకుండానే తెలిసిపోతుంది నాకు. మంచం అంచున కూర్చుని, తల ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని రెండు వేళ్లతో నొక్కి పట్టుకున్నాను. ఇరవై నిమిషాలు. ఆగిందేమో చూద్దామని మధ్యలో వదిలితే మళ్లీ మొదటికే వస్తుంది. చిన్నప్పుడు అందరూ తల వెనక్కి వాల్చమనేవారు. నెత్తురంతా గొంతులోకి దిగి వాంతి అయ్యేది, దాంతో ఇంకా కంగారుపడేవారు. అమ్మ లేచి వచ్చింది. ఏమీ అడగకుండా మెరూన్ రంగు తువ్వాలు ఒళ్లో వేసి, వంటింట్లోకి వెళ్లి డికాక్షన్ వేసింది. ముప్పై నాలుగేళ్ల అలవాటు మరి. నెత్తురు ఆగడానికి వాడే ట్రనెక్సామిక్ మాత్రలు వేసుకున్నాక ఐదున్నరకు పూర్తిగా ఆగింది.

ఏడున్నరకు పక్కింటి వదిన పరుగున వచ్చింది. వాళ్ల అబ్బాయికి డెంగీ. "కౌంటు అరవై రెండు వేలకు పడిపోయిందట. బొప్పాయి ఆకు ఎక్కడ దొరుకుతుంది? నీకు ఈ ప్లేట్‌లెట్ల సంగతి బాగా తెలుసు కదా!"

వానలు వెనకబట్టగానే తెనాలి అంతా ఇదే మాట. పాల దగ్గర కౌంటు, కూరల బండి దగ్గర కౌంటు. కౌంటంటే రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల లెక్క. నాకు మాత్రం ఆ మాట వింటే కొంచెం కోపం, కొంచెం నవ్వు వస్తాయి. నా కౌంటు ఎప్పుడూ రెండున్నర లక్షలే. చెవులు కుట్టించినప్పుడు మూడు రోజులు ఆగకుండా కారింది, కౌంటు బాగానే ఉంది. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి ఉండలు తినిపించి, పేరంటం చేశారు. ఎంతకీ తగ్గడం లేదని నేనంటే, మొదటిసారి అలాగే ఉంటుందిలే అన్నారు ఆడవాళ్లందరూ. తొమ్మిదో రోజు పెరట్లో పడిపోయాను. ఆస్పత్రిలో రెండు సీసాల రక్తం ఎక్కించారు. పరీక్ష కాగితం చూసిన డాక్టరు అన్నది అదే: కౌంటు బాగానే ఉందమ్మా, బలానికి ఐరన్ మాత్రలు వాడండి.

అసలు పేరు తెలిసింది మరో ఆరేళ్లకు, కాట్పాడిలో రైలు దిగి వేలూరు ఆస్పత్రికి వెళ్లాక. గ్లాంజ్‌మన్ థ్రాంబాస్థీనియా. ఎడ్వర్డ్ గ్లాంజ్‌మన్ అనే స్విట్జర్లాండ్ పిల్లల డాక్టరు 1918లో దీన్ని గుర్తించి రాశాడు. ప్లేట్‌లెట్లు లెక్కకు సరిగ్గానే ఉంటాయి. కానీ రక్తంలో ఉండే ఫైబ్రినోజన్ అనే అతుకు పదార్థాన్ని పట్టుకుని ఒకదానికొకటి అతుక్కోవడానికి వాటి ఒంటి మీద ఉండాల్సిన ప్రోటీను ఉండదు, ఉన్నా పనిచేయదు. పెళ్లికి బంధువులందరూ దిగారు గానీ పందిరి రాటకు చెయ్యి వేసేవాడు ఒక్కడూ లేడన్నమాట. లెక్కపెడితే ఇది దొరకదు, అవి అతుక్కుంటున్నాయో లేదో పరీక్షించి చూడాలి. పది లక్షల మందిలో సుమారు ఒకరికి వస్తుందట.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, లోపమున్న జన్యువులు రెండూ కలిస్తేనే ఈ జబ్బు. నాన్న అమ్మకు సొంత మేనమామ. వేలూరు డాక్టరు మా వంశవృక్షం గీశారు. మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు, భార్యాభర్తల మధ్య ఒక గీత. అమ్మా నాన్నల మధ్య మాత్రం రెండు గీతలు గీశారు. అమ్మకు ఇంగ్లిషు రాదు. ఆ రెండో గీత ఎందుకో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తిరుగు రైల్లో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఈనాటికీ మేనరికం సంబంధం అనే మాట ఎవరి నోట విన్నా లేచి లోపలికి వెళ్లిపోతుంది.

వదినకు నాకు తెలిసినంత చెప్పాను. అరవై రెండు వేలంటే, నెత్తురు కారడం లేకపోతే, మామూలుగా ప్లేట్‌లెట్లు ఎక్కించరు. ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకో, కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనబడితే ఆలస్యం చేయకు, ఆకు రసం కోసం తిరగడం మాని డాక్టరు దగ్గర కూర్చో అన్నాను. అంతా విని, చాలా మొహమాటంగా అడిగింది: "పోనీ, నీవి రెండున్నర లక్షలున్నాయి కదా, అవసరమైతే మా వాడికి ఇవ్వడానికి పనికొస్తాయా?"

"అవి ఉత్సవ విగ్రహాలు వదినా" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులో ఆవిడ ఏడ్చింది కూడా.

ఆఫీసు గురించి రాయడానికేమీ లేదు. రేపటికి సెలవు చీటీ ఇచ్చాను, అంతే.

రేపు రాజమండ్రి అక్క పన్ను పీకించుకుంటోంది. పన్ను పీకడం కూడా ఒక సంగతేనా అనుకునేవాళ్లు అదృష్టవంతులు. అక్కను మొదట చూసింది ఒక ఏప్రిల్ 17న, విజయవాడలో, హిమోఫీలియా దినం సభలో. అదీ రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బే, కానీ వేరు. మాది హిమోఫీలియా కాకపోయినా ఆగని రక్తానికి సంబంధించిన వాళ్లందరినీ పిలిచారు. గది నిండా మోకాళ్లు వాచిన మగపిల్లలు, వాళ్ల తల్లులు, ఎక్కడ చూసినా వాళ్ల రక్తంలో కొరవడే ఫ్యాక్టర్ ఎనిమిది మాటలే. అక్కడా నేను పరాయిదాన్నేనా అనుకుంటూ వెనక వరుసలో కూర్చున్నాను. పక్కావిడ సంచీలోంచి చేతిరుమాలు తీసింది. మెరూన్ రంగు. నేను నాది తీసి చూపించాను. ఆవిడ ముందు నా రుమాలు, తరువాత నా మోచేతి మీది కమిలిన మచ్చ చూసి, "కౌంటు బాగానే ఉందా?" అంది. ఇద్దరం ఎంతగా నవ్వామంటే వేదిక మీదివాళ్లు మా వైపు చూశారు.

చిగుళ్లు కారితే ట్రనెక్సామిక్ మాత్ర పొడిచేసి నీళ్లలో కలిపి పుక్కిలించాలని, ఆస్పిరిన్, బ్రూఫెన్ పడవని రాసిన చీటీ పర్సులో పెట్టుకోవాలని, నెలసరి అదుపుకు హార్మోన్ మాత్రలు వాడుతున్నందుకు సిగ్గుపడనక్కర్లేదని నాకు చెప్పింది అక్కే. ప్లేట్‌లెట్లు ఎక్కించుకునే విషయంలో మరీ జాగ్రత్త అంటుంది. మాటిమాటికీ ఎక్కిస్తే మన ఒళ్లు వాటిని శత్రువులనుకుని ఎదురు తిరుగుతుంది, ఆ తరువాత నిజంగా అవసరమైనప్పుడు అవి పనిచేయవు. కర్ణుడి శక్తి లాంటివి, ఘటోత్కచుడి మీద వాడేయకూడదని ఆవిడ ఉపమానం.

సాయంత్రం ఫోను చేసి అరగంట మాట్లాడింది. వెల్లుల్లి ధర, మేడ మీద కారుతున్న ట్యాంకు, చెల్లెలి కూతురి ఇంజనీరింగ్ సీటు. పన్ను మాట ఎత్తలేదు. పెట్టేసే ముందు మాత్రం, "రైలు ఎన్నింటికి దిగుతావు?" అంది.

వదిన ఇందాక గేటు దగ్గర నుంచే కేక వేసింది, అబ్బాయికి అరవై ఎనిమిది వేలట. సంచీలో మెరూన్ తువ్వాళ్లు రెండు సర్దాను, ఒకటి అక్కకు, ఒకటి నాకు. అమ్మ వచ్చి వాటి మీద రాగి పిండి పొట్లం పెట్టింది.

"జావ బాగా చల్లార్చి తాగమను. వేడిగా తాగితే మళ్లీ కారుతుంది" అంది.