పాలన నాణ్యత, ఇంధన సామర్థ్యం: గ్రూప్-1 మెయిన్స్‌కు నేను చదివిన తీరు

గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్నప్పుడు, 'పాలన నాణ్యత దేశ ఇంధన సామర్థ్యంపై ఎలాంటి ప్రభావం చూపుతుంది?' అన్న ప్రశ్నకు ప్రపంచ బ్యాంకు పాలన సూచీల్లోని ఆరు అంశాలనూ (చట్టబద్ధ పాలన, అవినీతి నియంత్రణ వంటివి) వరుసగా రాసి వచ్చాను. పేపరు దిద్దిన మాస్టారు ప్రతి అంశం పక్కనా ఎర్ర సిరాతో 'ఎలా?' అని రాసి, పదికి మూడు మార్కులు వేశారు.

మిత్రులారా, ముందు ఒక తేడా గుర్తుంచుకోండి. అదే పనిని తక్కువ ఇంధనంతో చేయడం ఇంధన సామర్థ్యం; జీడీపీలో ఒక్కో యూనిట్‌కు ఖర్చయ్యే ఇంధనాన్ని ఇంధన తీవ్రత అంటారు. ఇంధనం తక్కువ వాడే సేవా రంగం వాటా పెరిగినా తీవ్రత తగ్గుతుంది కనుక, తగ్గిన ప్రతిచోటా పాలన బాగుందని రాయకూడదు.

మన దేశంలో 2001లో ఇంధన పరిరక్షణ చట్టం, 2002లో దాన్ని అమలు చేసే ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ, 2006లో ఫ్రిజ్, ఏసీల వంటి పరికరాలు ఎంత పొదుపుగా వాడతాయో చెప్పే స్టార్ లేబుల్, 2012లో భారీ పరిశ్రమలకు ఇంధన ఆదా లక్ష్యాలు పెట్టే పాట్ (పర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్) పథకం వచ్చాయి. నా దృష్టిలో వీటిలో లోతుగా చదవాల్సింది పాట్. లక్ష్యాన్ని మించి ఇంధనం ఆదా చేసిన కర్మాగారానికి ధ్రువపత్రాలు వస్తాయి; లక్ష్యం తప్పినది వాటిని కొనాలి. తప్పినవారిచేత కొనిపించగల శక్తి ప్రభుత్వానికి లేకపోతే, లెక్కలు తనిఖీ చేసే ఆడిటరు నిజాయితీగా లేకపోతే, ఆ పత్రాలకు విలువే ఉండదు. చట్టబద్ధ పాలన ఇంధనాన్ని ఆదా చేసేది ఇలాగే.

పాలన లోపం ఎలా ఉంటుందో మా పొలంలోనే చూశాను. మా నాన్నగారి 5 హెచ్‌పీ మోటారుకు, లైన్లలో నష్టాన్ని తగ్గించే కెపాసిటర్ తీగలు ఎప్పుడో ఊడిపోయాయి. మోటారు కాలిన ప్రతిసారీ రీవైండింగ్ (లోపలి తీగ మళ్లీ చుట్టించడం) చేయించడమే తప్ప, తక్కువ కరెంటుతో నడిచే కొత్తది కొనలేదు. ఆటో స్టార్టర్ ఉండడంతో, నీళ్లు అవసరం ఉన్నా లేకున్నా కరెంటు వచ్చిన ప్రతిసారీ దానంతటదే తిరిగేది. 2004లో మొదలైన ఉచిత విద్యుత్తు రైతు ఇంటికి ఎంత ఊరటో నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టను. కానీ మీటరు లేని కనెక్షన్ల వాడకాన్ని నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగులతో అంచనా కడతారు. అసలు వాడకం ఎంతో, లైన్ల నష్టం ఎంతో, చౌర్యం ఎంతో అందులో విడిగా తేలవు. కొలత లేనిచోట నష్టానికి జవాబుదారీ ఎవరు?

రెండోసారి అదే ప్రశ్నకు పాట్ గురించి, మోటారు గురించి మాత్రమే రాశాను. ఆరు మార్కులు వచ్చాయి. మోటారు పేరా పక్కన మాస్టారు 'మీటరు పెడతామంటే రైతు ఎందుకు భయపడతాడు?' అని రాశారు. ప్రస్తుతం దాని గురించే చదువుతున్నాను.