బాక్సర్‌కి 'డి' దాటి అక్షరాలు రావు

డిగ్రీలో ఉండగా జార్జ్ ఆర్వెల్ 'యానిమల్ ఫామ్'ని, జంతువుల కథగా రష్యా విప్లవాన్ని చెప్పిన ఆ నవలని, నోట్‌బుక్కులో పట్టిక గీసుకుని చదివాను. ఇటు నెపోలియన్ అనే పంది, అటు స్టాలిన్. ఇటు అది తరిమేసిన స్నోబాల్ అనే పంది, అటు స్టాలిన్ దేశం నుంచి వెళ్ళగొట్టిన ట్రాట్‌స్కీ. ఇటు గాలిమర, అటు సోవియట్ పంచవర్ష ప్రణాళికలు. బాక్సర్ అనే గుర్రానికి ఎదురుగా 'కార్మికవర్గం' అని రాసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాను, మళ్ళీ ఆ గుర్రం గురించి ఆలోచించలేదు.

పోయిన వేసవిలో విజయవాడలో, సత్యనారాయణపురం ఇంట్లో, కరెంటు పోయిన రాత్రుల్లో డాబా మీద పడుకుని ఆరో తరగతి చదివే మా అమ్మాయికి అదే కథ తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. స్టాలిన్ పేరు ఎత్తలేదు. ఒళ్ళు విరిగేలా రాళ్ళు మోసి బాక్సర్ పడిపోయినప్పుడు, వచ్చింది ఆసుపత్రి బండే అనుకుని తను ఊపిరి పీల్చుకుంది. గాడిద బెంజమిన్ బండి మీది రాత చదివి, అది గుర్రాల్ని కోసి జిగురు కాచేవాడి బండి అని చెప్పగానే లేచి కూర్చుంది. "నాన్నా, దానికి 'డి' దాటి అక్షరాలు రావన్నావు కదా, వచ్చుంటే ఎక్కేముందే చదువుకునేది కదా" అని ఏడుపు మొదలుపెట్టింది.

నా పట్టికలో ఆ అక్షరాల సంగతే లేదు.

అలాంటి ఎద్దు మన దగ్గరా ఉంది. చిన్నయసూరి 1853లో అచ్చువేసిన 'నీతిచంద్రిక'లో సంజీవకం బండి లాగుతూ కాలు విరిగితే యజమాని అడవిలో వదిలేసి పోతాడు, అది ఎలాగో బతికి బట్టకట్టి సింహంతో స్నేహం చేస్తే దమనకుడు అనే నక్క ఇద్దరికీ లేనిపోనివి ఎక్కించి దాన్ని చంపిస్తాడు. ఆర్వెల్ కథలో నెపోలియన్ తరఫున మాయమాటలు చెప్పే పంది స్క్వీలర్ మాట్లాడుతుంటే నాకు దమనకుడే వినిపించాడు. చిన్నప్పుడు ఆ ఎద్దు ఎవరికి గుర్తు అని ఎవరం అడగలేదు, బాధపడ్డాం అంతే.

అలాగని చరిత్ర వద్దని కాదు. మా తాతయ్య కమ్యూనిస్టు పార్టీ మనిషి. ఏలూరు రోడ్డు విశాలాంధ్రలో కొన్న సోవియట్ పుస్తకాలతో అలమారా నిండిపోయి ఉండేది, ఈ పుస్తకాన్ని మాత్రం మనల్ని తిట్టడానికే రాశారని ఇంట్లోకి రానివ్వలేదు. ఆయనకి ఒక్క మాట చూపించి ఉండాల్సింది. గాలిమర పేలినప్పుడు నెపోలియన్‌తో సహా జంతువులన్నీ బోర్లా పడ్డాయని ఆర్వెల్ మొదట రాశాడు. 1945లో, పుస్తకం అచ్చుకి వెళ్ళేముందు, దాన్ని 'నెపోలియన్ తప్ప' అని మార్పించాడు, ఎందుకంటే జర్మన్ సైన్యం దగ్గరికొచ్చినా స్టాలిన్ మాస్కో వదిలి పోలేదు. తను అంతగా ద్వేషించిన మనిషికి కూడా అన్యాయం జరగకూడదని ఒక్క మాట దగ్గర ఆగిన రచయిత మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. ఉత్త జంతువుల కథగా చదివితే ఆ 'తప్ప' కంటికే ఆనదు.

ఇప్పుడు అమ్మాయి, నెపోలియన్ నిజంగా ఎవరు నాన్నా అని అడుగుతోంది. దసరా సెలవుల్లో చెబుతానన్నాను. తాతయ్య అలమారాలోంచి మాస్కో బొమ్మలున్న పుస్తకం దుమ్ము దులిపి బయట పెట్టాను.