నిమ్మకాయ దొర్లిన వైపు

పాలు పొంగించిన రోజు గుమ్మం దగ్గర పెట్టిన నిమ్మకాయ ఒకటి మావాడి చేతికి చిక్కింది. వాడికి రెండున్నరేళ్ళు. దాన్ని బాల్కనీ గదిలోకి పట్టుకెళ్ళి నేల మీద వదిలాడు. అది తొందరేం లేకుండా దొర్లుకుంటూ పోయి ఎడమ చేతి మూలలో ఆగింది. మేమంతా నవ్వాం. నాన్న మాత్రం నవ్వకుండా ఆ మూల వైపు చూశాడు. తణుకులో నలభై ఏళ్ళు తాపీ పట్టిన మనిషి. అప్పుడే అడిగి ఉంటే నాకు రెండు రోజుల టెన్షన్ తప్పేది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. భోజనం చేసి మియాపూర్‌లో అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు సామాను దిగింది. అందులో మా పుస్తకాల షెల్ఫు ఉంది. 2018 ఆగస్టులో హైటెక్ సిటీలో ఐకియా ఫర్నిచర్ షాపు తెరిచిన కొత్తలో జనం తిరణాలకి పోయినట్టు పోయారు కదా, ఆ వేడి తగ్గాక మేమూ వెళ్ళి కొన్న బిల్లీ అనే మోడల్ షెల్ఫు అది. 80 సెంటీమీటర్ల వెడల్పు, 28 లోతు, 202 ఎత్తు. దానికిది మూడో ఇల్లు. ఇలాంటి పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు అతికించి చేసిన పలక) సామాను ఎన్నిసార్లు విప్పి బిగిస్తే అంత నీరసపడుతుంది. స్క్రూ దిగిన రంధ్రం పొడిపొడిగా రాలి వదులైపోతుంది. సామాను తెచ్చిన కుర్రాళ్ళు విప్పేటప్పుడు వెనక రేకులాంటి పల్చటి చెక్కని పీకి, ఇక్కడ బిగించేటప్పుడు కంటి అంచనాతో మేకులు కొట్టేసి, "అయిపోయింది మేడమ్" అని వెళ్ళిపోయారు.

ఆదివారం నేనే పనిలోకి దిగాను. నిలబెట్టగానే షెల్ఫు ముందుకు వంగినట్టు కనిపించింది, పక్కకి కూడా కాస్త ఒరిగింది. ఫోనులో లెవెల్ యాప్ పెట్టి చూశాను. ముందు అంచు కింద అట్టపెట్టె ముక్కలు మడిచి దోపాను. అయినా పైన గోడకీ షెల్ఫుకీ మధ్య నా నాలుగు వేళ్ళు దూరేంత సందు. సరే, లాగి కట్టేద్దామని పైన ఎల్ ఆకారపు క్లాంపు పెట్టి, గోడలో స్క్రూని పట్టుకునే ప్లాస్టిక్ ప్లగ్గు దింపి, షెల్ఫు గోడ దగ్గరికి వచ్చేదాకా స్క్రూ బిగించాను. వచ్చింది. మా ఆయన చప్పట్లు కూడా కొట్టాడు. సగం పుస్తకాలు సర్దేశాను.

సోమవారం ఉదయం లేచి చూస్తే గోడలోంచి ప్లగ్గు ఊడి, దానితో పాటు అరచేతంత గచ్చు పెచ్చు ఊడి కింద పడుంది. షెల్ఫు పడలేదు, పడే ఆలోచనలో ఉంది. ఆ గది తలుపుకి గడియ పెట్టి నాన్నకి ఫోన్ చేశాను.

"పైన లాగి కట్టావా?" అన్నాడు.

"ముందుకి వంగుతోంది నాన్నా."

"నేల అలా ఉంటే షెల్ఫేం చేస్తదమ్మడూ? పుస్తకాలు తీసెయ్. నేనొచ్చేదాకా ముట్టుకోకు."

వచ్చేటప్పుడు దారిలో హార్డ్‌వేర్ షాపులో నాలుగు మీటర్ల పారదర్శక గొట్టం, ఒక రసమట్టం (బుడగ చూసి మట్టం చెప్పే పట్టీ) కొనుక్కొచ్చాడు. గొట్టంలో నీళ్ళు నింపి, గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా తట్టి తట్టి పోగొట్టి, ఒక కొస నా చేతికిచ్చి ఆ మూలన నిలబడమన్నాడు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి కాబట్టి, అక్కడి నుంచి నేలకి టేపు పెట్టి కొలిస్తే తేడా తెలిసిపోతుంది. చిన్నప్పుడు ఆయన పని దగ్గరికి క్యారేజీ పట్టుకెళితే ఈ గొట్టం కొస పట్టుకోవడమే నా ఉద్యోగం. గోడ నుంచి కిటికీ వైపుకి మీటరుకి దాదాపు సెంటీమీటరు పల్లం. అది చాలదన్నట్టు ఎడమ మూల వైపు ఇంకాస్త పల్లం.

అది తప్పు కాదన్నాడు. బాల్కనీకి వాటం, అంటే నీళ్ళు బయటికి పోయే పల్లం, ఇచ్చి తీరాలి, లేకపోతే వాననీళ్ళు ఇంట్లోకొస్తాయి. ఎడమ మూలన నీళ్ళు పోయే రంధ్రం ఉండేది. తర్వాతెప్పుడో ఓనర్లు అద్దాల కిటికీలు బిగించి, రంధ్రం మూసేసి, దీన్ని గది అన్నారు. అద్దె కూడా గదికి ఉన్నట్టే తీసుకుంటున్నారు, అది వేరే సంగతి. వాటం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక్కడ నాకు లెక్క తెలిసొచ్చింది. షెల్ఫు లోతు 28 సెంటీమీటర్లే. అంత చిన్న దూరంలో నేల పల్లం మూడు మిల్లీమీటర్లు, ఎవరికీ కనపడదు. కానీ ఎత్తు లోతుకి ఏడు రెట్లు. అంటే కింద మూడు మిల్లీమీటర్ల తేడా పైకి వెళ్ళేసరికి రెండు సెంటీమీటర్ల పైచిలుకు అవుతుంది. నేను ఆ రెండు సెంటీమీటర్లనీ పైన స్క్రూతో వెనక్కి లాగాలని చూశాను. పుస్తకాల బరువు లాగే లాగుడంతా ఆ ఒక్క ప్లగ్గు మోసింది, మోసినంతసేపు.

నా అట్టముక్కలు బయటికి లాగితే, రెండు రోజుల తడిబట్టకే నాని అప్పడాల్లా అయిపోయాయి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో అట్ట నిలవదు, దాని తడి పీల్చుకుని పైనున్న బోర్డు కూడా ఉబ్బుతుంది. రూపాయి బిళ్ళలు పెడదామా అన్నాను. "లక్ష్మిని తొక్కిస్తావా?" అని కసిరి, వీధి చివర కార్పెంటర్ దగ్గరికి వెళ్ళి గుప్పెడు సన్‌మైకా తుంటలు అడిగి తెచ్చాడు. ఒక్కోటి మిల్లీమీటరు మందం, నీళ్ళకి ఏమీ కాదు, పైగా ఊరికే వచ్చాయి.

కానీ ముందు షెల్ఫునే సరిచెయ్యాలన్నాడు. నేల మీద బోర్లా పడుకోబెట్టి, మూల నుంచి మూలకి టేపు లాగించాడు. ఒకవైపు 218, రెండోవైపు 216.5. అంటే డబ్బా మూలమట్టంగా లేదు, పక్కకి నెట్టినట్టు ఉంది. పెట్టె నిటారుగా నిలబడేది ఆ వెనక పల్చటి చెక్క వల్లే, అది వంకరగా కొడితే మొత్తం వంకరే. మేకులన్నీ పీకి, రెండు కొలతలూ 217 దాటి ఒకే గీత మీదికి వచ్చేదాకా మోకాలితో నెట్టి, మళ్ళీ కొట్టాం. వదులైన మూడు రంధ్రాల్లో ఫెవికాల్ ముంచిన అగ్గిపుల్లలు దోపి, రాత్రంతా ఆరనిచ్చి పొద్దున్న స్క్రూలు దింపాం.

తర్వాత పని తాపీగా నడిచింది. కొత్త రసమట్టాన్ని కూడా నాన్న నమ్మలేదు. ఒకసారి పెట్టి బుడగ చూసి, అక్కడే కొసలు తిప్పి పెట్టి మళ్ళీ చూశాడు. రెండుసార్లూ బుడగ ఒకేచోట నిలిస్తేనే అది పనికొస్తుందట. (నా ఫోన్ తిప్పి పెడితే రెండు రకాలు చెప్పింది. వెనక కెమెరా ఉబ్బెత్తుగా ఉంటుంది కదా.) కుడి వెనక మూల అన్నిటికన్నా మెరక, దాని కింద ఏమీ పెట్టలేదు. కుడి ముందు మూడు ముక్కలు, ఎడమ వెనక ఐదు, ఎడమ ముందు ఎనిమిది. పక్క చెక్కల మధ్యలో కూడా సరిపడా దోపాడు, లేకపోతే కొసల మీదే బరువు పడి బోర్డు అంచు నలుగుతుందట. అప్పుడు చూస్తే గోడకీ షెల్ఫుకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకటే. అది గోడ అడుగున అంటించే స్కర్టింగ్ టైలు మందం, అంతే.

ఇక గోడకి బిగించడం. ఓనర్ ఆంటీ మొదటిరోజే చెప్పారు, గోడకి మేకు కొట్టొద్దని. నేనొక ప్లగ్గు కొట్టి పెచ్చు కూడా ఊడగొట్టాను కాబట్టి వెళ్ళి ఒప్పుకున్నాను. 2016లో అమెరికాలో సొరుగుల అల్మారాలు పిల్లల మీద పడి ప్రాణాలు పోవడంతో ఐకియా అలాంటివి 2.9 కోట్లు వెనక్కి పిలిచిందని, గోడకి కట్టకపోవడమే ప్రమాదమని వివరించాను. ఆవిడ కదల్లేదు. నాన్న నా వెనక నుంచి, "ఎక్కే వయసు పిల్లోడమ్మా. వెళ్ళేప్పుడు వైట్ సిమెంట్ పెట్టి, ఎక్కడ కొట్టామో మీకే తెలీకుండా చేసిస్తాను" అన్నాడు. ఆవిడ ఆ పెచ్చు కూడా పూడ్చమని షరతు పెట్టి సరే అన్నారు.

గోడ స్క్రూలు, ప్లగ్గులు షెల్ఫుతో పాటు రావు. ఎవరింటి గోడ ఏ రకమో వాళ్ళకేం తెలుసు? మాది ఒకప్పటి బయటి గోడ, తొమ్మిదంగుళాల ఇటుక. డ్రిల్లు పెడితే మొదట బూడిద రంగు పొడి రాలింది, అది గచ్చు. నేను మొన్న ఆపేసింది అక్కడే. ఎర్రపొడి రాలడం మొదలయ్యాక ఇంకో రెండంగుళాలు పోనిచ్చాడు. బిట్టుకి ఎంత లోతో గుర్తుగా టేపు చుట్టాడు. స్విచ్‌బోర్డుకి నిలువుగా పైనా కిందా మాత్రం డ్రిల్లు తగలనివ్వలేదు, వైర్లు అటే పోతాయని. క్లాంపుకీ గోడకీ మధ్య సందులో ప్లైవుడ్ ముక్క పెట్టి బిగించాడు. ఈసారి స్క్రూ దేన్నీ లాగలేదు. రెండో షెల్ఫు, చిన్నది, అరగంటలో అయిపోయింది.

బరువు పుస్తకాలు కింది అరల్లో సర్దాం. మావాడు మర్నాడే రెండో అర మీద కాలు పెట్టాడు. నేను పరిగెత్తేలోపు షెల్ఫు చడీచప్పుడూ లేకుండా నిలబడే ఉంది. వాడికి మాత్రం వీపు మీద ఒకటి పడింది.

సన్‌మైకా ముక్కలు ఒకటి గులాబీ, ఒకటి టేకు రంగు, ఒకటి ఏవో పూలు. వంగి చూస్తే తప్ప కనపడవు. అదే గదిలో నేను ఇది రాస్తున్న బల్ల ఉంది. దాని ముందు కాళ్ళ కింద ఇంకా అట్టముక్కలే. సంక్రాంతికి నాన్న వస్తానన్నాడు, ఆలోపు మార్చాలి.