సాగర్ గుట్టలు, ఆదికాండము మొదటి అధ్యాయం

భూమి వయసు ఆరు వేల ఏళ్లన్న మాట బైబిల్లో ఎక్కడా లేదు. వంశావళులు కూడి క్రీ.పూ. 4004 అని తేల్చింది ఆర్చిబిషప్ అషర్, 1650లో.

నాగార్జునసాగర్ దగ్గర గుట్టలు చూడండి. అడుగున గ్రానైట్, పైన పొరలు పొరలుగా ఇసుక గట్టిపడ్డ క్వార్ట్జైట్. గ్రానైట్ భూమి లోపల కిలోమీటర్ల లోతున చల్లారుతుంది. అది పైకి లేచి, మీదున్నదంతా అరిగిపోయాకే దానిపై ఇసుక పేరుకోవాలి. నోవహు కాలపు ఏడాది జలప్రళయంలో ఇదంతా ఇమడదు. మన గ్రానైట్లు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటివి. వీటి వయసును రాతిలోని జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాల్లో ఉన్న యురేనియం, అది క్షీణించి మారే సీసం పాళ్లతో లెక్కిస్తారు. "కార్బన్ పరీక్ష తప్పు" అనే వాదన ఇక్కడ అక్కరకు రాదు, కార్బన్-14 యాభై వేల ఏళ్లు దాటితే పనిచేయదు, రాళ్లకు దాన్ని అసలు వాడరు.

ఆదికాండము చెప్పే ఆరు సృష్టి దినాల్లో ఒక్కో దినాన్ని ఒక్కో యుగం అంటారు కొందరు. వినడానికి బాగుంటుంది కానీ నిలవదు: చెట్లు మూడో రోజు, సూర్యుడు నాలుగో రోజు! పక్షులేమో నేల జంతువుల కంటే ముందు. శిలాజాల్లో వరుస తిరగబడి ఉంది.

నాకు సబబనిపించేది వేరే చదువు. మొదటి మూడు దినాల్లో చోట్లు ఏర్పడతాయి, తర్వాతి మూడింటిలో అవి నిండుతాయి: వెలుగుకు జ్యోతులు, నీళ్లకూ ఆకాశానికీ చేపలు పక్షులు, నేలకు జంతువులు, మనిషి. అది కాలక్రమం కాదు, కూర్పు. పైగా ఆదికాండము 2:4 హీబ్రూ మూలంలో సృష్టి మొత్తాన్నీ "దినమందు" అని ఒక్క మాటలో చెప్పేశారు.

జీవ పరిణామం కంటే చిక్కైన ప్రశ్న ఆదాముది: అతను నిజంగా ఉన్న ఒక మనిషేనా? ఒక్క మనిషి ద్వారా పాపం లోకంలోకి వచ్చిందని పౌలు చెప్పే రోమా 5 అతని మీదే నిలబడింది. అక్కడ తొందరపడి జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి.