క్లచ్ ప్లేటు వచ్చేదాకా నడిగడ్డలో

టెంపో ట్రావెలర్‌ను ఇల్లుగా మార్చుకుని తిరిగేవాళ్లకు బండి చెడిపోతే రెండు కష్టాలు. ప్రయాణం ఆగిపోతుంది, పడుకునే చోటు కూడా షెడ్డు పాలవుతుంది. హైదరాబాద్ నుంచి హంపికి పోతుంటే మాకు ఎర్రవల్లి చౌరస్తా దగ్గర అదే జరిగింది. కృష్ణ, తుంగభద్రల మధ్య ఉన్న ఈ గద్వాల ప్రాంతాన్నే నడిగడ్డ అంటారు. బండిలో నేను, మా ఆవిడ, అమ్మ, ఏడో తరగతి చదివే పాప. ఆగస్టు నెల. బండి మళ్లీ రోడ్డెక్కేదాకా ఏం చేశామో, ఏది కుదిరిందో రాస్తున్నాను. ఇల్లు వెంటేసుకుని తిరిగేవాళ్లు ఇప్పుడు మన దగ్గర కూడా కనబడుతున్నారు కాబట్టి ఎవరికైనా పనికొస్తుంది.

పెబ్బేరు దాటినప్పటి నుంచే తేడా తెలుస్తోంది. ఎక్సలేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది గానీ బండి గుంజడం లేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి దాటేసరికి కాలిన వాసన లోపలిదాకా వచ్చింది. పక్కకు ఆపి 1033కు ఫోన్ చేశాను. జాతీయ రహదారి మీద ఎక్కడ బండి ఆగినా ఈ నంబరే. దగ్గర్లో ఉన్న కిలోమీటరు రాయి చూసి చెబితే మనల్ని వెతుక్కోవడం వాళ్లకు సులువు. పెట్రోలింగ్ బండి వచ్చి వెనకాల కోన్లు పెట్టింది. అక్కణ్నుంచి చౌరస్తా దాకా టోచన్ చేసుకుని పోయాం.

షెడ్డు మేస్త్రీ బండి నాలుగడుగులు కదిలించి చూసి, "క్లచ్ అయిపోయింది సార్. రేపు మాపటికల్లా ఇస్త" అన్నాడు. ఇలాంటప్పుడు "రేపు" అన్నమాట పట్టుకుని కూర్చుంటే మనకూ బాధే, ఆయనకూ బాధే. నేను మూడు సంగతులు అడిగాను. ఏయే సామాన్లు కావాలి, అవి ఎక్కణ్నుంచి రావాలి, గేర్‌బాక్సు దించాక ఇంకేం బయటపడొచ్చు. మూడోది అడిగేసరికి ఆయన చేతులు తుడుచుకుని నిదానంగా కూర్చున్నాడు. ప్లేటు రివెట్ల దాకా అరిగితే ఫ్లైవీలు మీద, అంటే ప్లేటు ఒత్తుకునే ఇంజన్ చక్రం మీద, గీతలు పడతాయట, దాన్ని లేత్ మీద ఫేసింగ్ కొట్టించి నున్నగా చేయించాలట, లేత్ గద్వాలలో ఉంది. సామాను హైదరాబాద్ నుంచి ఆర్టీసీ కార్గోలో రావాలి. మధ్యలో ఆదివారం పడుతోంది. అంతా కలిపితే తక్కువలో తక్కువ నాలుగైదు రోజులు. ఆ లెక్క మొదటి సాయంత్రమే తేలబట్టి మిగతాదంతా కుదిరింది.

ప్లేటు ఒక్కటే మార్పించమని మా బావమరిది ఫోన్లో చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. గేర్‌బాక్సు దించి ఎక్కించడమే పెద్ద పని, ఖర్చు కూడా ఎక్కువ దానికే. ఒకసారి దించాక ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చుకోవాలి. ఆర్నెల్లకు బేరింగు అరిస్తే మళ్లీ మొత్తం దించాల్సిందే.

ఆ రాత్రి షెడ్డు ముందే, బండిలోనే పడుకున్నాం. తెల్లారి ఇల్లు ఖాళీ చేశాం. ఈ పని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి వివరంగా రాస్తాను. బండిని జాకీల మీద లేపాక లోపలికి ఎవరూ ఎక్కకూడదు, మర్చిపోయిన చార్జర్ కోసమైనా సరే. షెడ్డులో వెల్డింగ్ జరుగుతుంటుంది, అందుకని గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ తీసి, బండికి దూరంగా నిలబెట్టించాలి. ఇంట్లో లైట్లకు, ఫ్రిజ్‌కు వాడే రెండో బ్యాటరీకి నెగెటివ్ వైరు ఊడదీయాలి. రేకుల కింద సోలార్ ప్యానెల్‌కు ఎండ తగలదు, ఫ్రిజ్ ఆన్‌లో వదిలేస్తే బ్యాటరీ చచ్చిపోతుంది. ఫ్రిజ్‌లో ఉన్న పెరుగు, కూరగాయలు షెడ్డులో పనిచేసే పిల్లలకు ఇచ్చాం. మధ్యాహ్నం వాళ్లు వండిన టమాట చారు అమ్మ కూడా తిన్నది. నీళ్ల ట్యాంకు పూర్తిగా ఖాళీ చేశాం.

గద్వాలలో లాడ్జి తీసుకున్నాం. లేత్ అక్కడే, కార్గో పార్సిళ్లు వచ్చే బస్టాండూ అక్కడే. ఎర్రవల్లి నుంచి గంటలోపే. ఆడవాళ్లు ముగ్గురికీ మహాలక్ష్మి జీరో టికెట్, కాబట్టి బస్సుల్లో ఎన్నిసార్లు తిరిగినా చార్జీ నాకొక్కడికే.

మేస్త్రీ నెత్తి మీద కూర్చుంటే పని జల్దీ అవుతుందని చాలామంది అనుకుంటారు. రెండుసార్లు మాత్రం మనం దగ్గరుండాలని నా అభిప్రాయం: విప్పేటప్పుడు, బిగించేటప్పుడు. విప్పేటప్పుడు ఉంటే ఏం అరిగిందో కళ్లారా చూస్తాం. బిగించేటప్పుడు ఉంటే కొత్త సామానే పడుతోందని తెలుస్తుంది. మిగతా టైమంతా మనదే.

షెడ్డు వెనకే సీడ్ పత్తి చేను. గేర్‌బాక్సు దించుతున్న మధ్యాహ్నం అమ్మ, పాప గట్టు మీద కూర్చున్నారు, కాసేపటికి నేనూ పోయాను. గద్వాల చుట్టుపక్కల ఈ పంట చాలా ఎక్కువ. హైబ్రిడ్ పత్తి విత్తనం ఇక్కడ మనుషుల చేతుల మీదుగా తయారవుతుంది. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా కూలోళ్లు ఆడ చెట్ల (విత్తనం కాయించే రకం, వీటి పూలలోనూ పుప్పొడి ఉంటుంది) మధ్య నడుస్తూ, మర్నాడు విచ్చుకునే మొగ్గలు చూసి పట్టుకుంటారు. బొటనవేలి గోరుతో మొగ్గ మొదట్లో గాటు పెట్టి, రేకులతో పాటు పుప్పొడి తిత్తులన్నీ ఒక్క గుంజుతో ఊడదీస్తారు. లోపల పుప్పొడి అందుకునే సన్నటి కాడ, దాని కొన కీలాగ్రం, అవి మాత్రమే మిగలాలి. అది తెగితే కాయ పోయినట్టే, ఒక్క తిత్తి మిగిలినా సొంత పుప్పొడి పడి విత్తనం చెడుతుంది. గిల్లిన మొగ్గకు గుర్తు పెడతారు. మర్నాడు పొద్దున మగ చెట్ల (పుప్పొడి కోసం పెంచే రెండో రకం) పూలు తెంపుకొచ్చి ఆ కీలాగ్రాలకు రుద్దుతారు, ఒక్కో పువ్వుతో నాలుగైదు మొగ్గలకు.

"ఎన్ని గిల్లుతవు బిడ్డా రోజుకు?" అని అమ్మ అడిగింది. "లెక్క ఎవరు పెడతరు పెద్దమ్మా, సాలు అయిపోవాలె అంతే" అన్నది ఆ అమ్మాయి, చెయ్యి ఆపకుండా. ఆమె గోటి అంచు పచ్చగా, గట్టిగా అయిపోయి ఉంది. పాప సైన్సు పుస్తకంలో పరాగసంపర్కం బొమ్మ గీసింది గానీ, చేత్తో చేసేవాళ్లను ఎన్నడూ చూడలేదు. మర్నాడు పొద్దున రుద్దడం కూడా చూడాలని పట్టుబట్టింది. మొదటి బస్సుకే ఎర్రవల్లి వచ్చాం. మన పత్తి రైతులు అంగట్లో కొనే విత్తనం ప్యాకెట్ వెనక ఇన్ని వేళ్లున్నాయని నాక్కూడా అక్కడే అర్థమైంది.

గద్వాలలో పగలంతా మగ్గాల దగ్గరే గడిచింది. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. కుప్పడం పనిలో అంచు రంగు వేరు, ఒంటి రంగు వేరు, ఒక్కోదానికి విడిగా నాడె. రెండు రంగులూ కలిసే చోట ప్రతి పేక పోగునూ ఒకదాంట్లో ఒకటి మెలేసి తిప్పాలి. అందుకే మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. గంట సేపు చూస్తే బట్ట కొద్దిగానే పెరిగింది. మా ఆవిడ ఒక చీర కొన్నది, బేరం చేయలేదు. కోట చూశాం, గద్వాలను ఏలిన నల సోమనాద్రి కట్టించిన మట్టికోట, లోపల చెన్నకేశవస్వామి గుడి. కవులకు, పండితులకు ఆశ్రయమిచ్చి విద్వద్గద్వాల అనిపించుకున్న సంస్థానం. ఆదివారం జూరాల పోయాం. కృష్ణ తెలంగాణలోకి వచ్చాక మొదటి ప్రాజెక్టు ఇదే. పైనుంచి వరద వస్తోందని గేట్లు ఎత్తారు, జనం బాగా వచ్చారు, వేయించిన చేపలు తిని వచ్చాం.

పార్సిల్ వచ్చింది గానీ ప్లేటు మా బండిది కాదు. కొట్టువాళ్లు వేరే మోడల్‌ది పంపారు, మధ్యలో పళ్ల లెక్క కలవలేదు. కోపం వచ్చింది. మొదటిసారి కూడా మేస్త్రీ చెప్పిన పేరుతో పాటు ఛాసిస్ నంబరు పంపాను, అయినా వాళ్లు చూడలేదు. ఈసారి పాత ప్లేటు ఫోటో తీసి, దాని మీద కొట్టిన నంబరు కనబడేలా, వెడల్పు కొలిచి టేపుతో సహా పంపాను. ప్యాక్ చేసే ముందు వాళ్ల ప్లేటు ఫోటో నాకు పెట్టమన్నాను. పళ్లు లెక్కపెట్టి సరే అన్నాకే పార్సిల్ కట్టారు. సామాను ఎక్కణ్నుంచి తెప్పించుకున్నా ఇలాగే చేయండి.

ఆ అదనపు రోజు ఆలంపురానికి పోయింది. హైవే మీద ఎన్నోసార్లు ఆ బోర్డు దాటాం, ఎప్పుడూ లోపలికి తిరగలేదు. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, పేరుకు బ్రహ్మలు గానీ అన్నీ శివాలయాలే. స్వర్గబ్రహ్మ గుడి గోడల మీది శిల్పాలు పాప ఒక్కొక్కటే ఫోన్లో తీసుకుంది. అమ్మ జోగులాంబ దర్శనం చేసుకుంది. నేను మాత్రం సంగమేశ్వరాలయం దగ్గరే ఎక్కువసేపు ఉన్నాను. అది కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునుగుతుందని రాళ్లు విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. ఊళ్లకు అలాంటి అవకాశం లేదు. ఆ నీళ్ల కింద పోయిన ఊళ్లవాళ్లు ఈ గుడి ముందు నిలబడితే వాళ్లకు ఏమనిపిస్తుందో అనుకున్నాను.

మర్నాడు సరైన ప్లేటు వచ్చింది. ఫ్లైవీలు అప్పటికే లేత్ మీద ఉంది. వేడికి దాని మీద నీలం మచ్చలు పడ్డాయి, వాటి మధ్య రివెట్లు గీసిన గాడులు. లేత్ తిరుగుతుంటే పోత ఇనుము నల్లటి పొడిలా రాలింది. మచ్చలు పోయి, గాడులు పోయి, అద్దంలా తేలేదాకా లేత్ ఆయన కొద్దికొద్దిగానే తీశాడు. ఎక్కువ తీస్తే చక్రం పల్చబడిపోతుందట. దాన్ని ఆటోలో పెట్టుకుని ఎర్రవల్లి తీసుకుపోయాను. బిగింపు అయ్యేసరికి రాత్రయింది.

ట్రయల్‌కు నీళ్ల ట్యాంకు నింపించమన్నాను, మేస్త్రీకి మొదట నచ్చలేదు. మా ట్యాంకు 120 లీటర్లు, అంటే 120 కిలోలు. మంచాలు, బ్యాటరీ, సామాను అదనం. ఖాళీ బండి గుంజితే ఏం తెలుస్తుంది? బీచుపల్లి దాకా పోయి వచ్చాం, నాలుగో గేరులో ఎక్సలేటర్ తొక్కినా ఇంజన్ విడిగా అరవలేదు. "కొత్త ప్లేటు కుదురుకునేదాంక ట్రాఫిక్ల కాలు క్లచ్ మీద పెట్టకు అన్నా" అన్నాడాయన. అప్పటికి "సార్" పోయి "అన్నా" అయింది.

హంపికి సెలవులు చాలలేదు. అక్కణ్నుంచే హైదరాబాద్ తిరిగొచ్చాం. ఇప్పుడు బయల్దేరేటప్పుడు ట్యాంకు సగమే నింపుతున్నాం. టూల్ బాక్సు మూతకు లోపలివైపు ప్లేటు నంబరు, పళ్ల లెక్క, వెడల్పు రాసి అంటించాను.